రంగూను కట్టడములందు సున్నము, సుర్కీ: రోమక గచ్చు సూత్రమును గూర్చిన పరిశీలన

నేటి యాంగోను, నాటి రంగూను నగరమధ్యమున, 1889 మొదలు 1905 వరకు విడతలుగా నిర్మింపబడిన సెక్రెటేరియట్ భవనము, ఎఱ్ఱని యిటుకలతోను పసుపుపచ్చని యిటుకలతోను పదునాఱు ఎకరముల నావరించి నేటికిని నిలిచియున్నది. దీనికి రూపకల్పన చేసినవాడు హెన్రీ హోయిన్ ఫాక్స్. 1947 జూలై 19వ తేదీన బర్మా స్వాతంత్ర్య నాయకుడగు ఆంగ్ సాన్ హత్యకు గురియైనది ఈ ప్రాకారములోనే యగుటచే చరిత్రకారులు దీనిని గూర్చి విరివిగా వ్రాసిరి. ఆ గోడలను పట్టియుంచిన గచ్చు మాత్రము అంతటి శ్రద్ధకు నోచుకొనలేదు. ఒక యిటుక చెడిన దానిని తీసి మఱియొకటి పెట్టవచ్చును. గచ్చు స్వభావ మెఱుంగక చేసిన మరమ్మతు వలన గోడ గోడయే చెడును.

సున్నపురాతిని దాదాపు 900 డిగ్రీల వేడిమిలో కాల్చినచో అందలి బొగ్గుపులుసు గాలి వెడలిపోయి పొడిసున్నము మిగులును. నీరు చల్లిన అది తడిసున్నమగును. ఇసుకతో కలిపి గోడ కెక్కించిన పిదప, పోయిన వాయువునే మఱల గాలినుండి మెల్లమెల్లగా గ్రహించి రాయియగును. కాని గాలి సోకని నీటి యడుగున ఈ క్రియ జరుగదు. ఈ చిక్కును విప్పినవారిలో రోమకులు అగ్రగణ్యులు. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దివాడగు విట్రూవియస్, త్రవ్వి తీసిన యిసుక మూడు పాళ్లకును, నదియిసుక యైనచో రెండు పాళ్లకును సున్న మొక పాలు చాలునని చెప్పి, నదియిసుకలో మూడవ వంతు జల్లించిన పెంకుల పొడి చేర్చిన మఱింత మేలని సూచించెను. సముద్రములోని కట్టడములకు, నేపుల్సు అఖాతపు టొడ్డున దొరకు అగ్నిపర్వత ధూళి రెండు పాళ్లకు సున్న మొక పాలు చొప్పున విధించెను. ఆ ధూళిలోని సిలికా, అల్యూమినాలు సున్నముతో కలిసి నీటికి కరగని బంధము నేర్పఱచును. నలువదిమూడు మీటర్ల వ్యాసము గల పాంథియను గుమ్మటము, ఇనుప కమ్మి లేకయే, రమారమి పందొమ్మిది వందల యేండ్లుగా నిలుచుటకు ఈ గచ్చు ముఖ్యాధారము. గచ్చులో మిగిలిన సున్నపు బెడ్డలు, బీటలలోనికి నీరు చేరినప్పుడు కరగి వానిని పూడ్చునని 2023లో వెలువడిన పరిశోధన యొకటి ప్రతిపాదించినది.

అగ్నిపర్వత ధూళి లేని మన దేశమున ఆ పని సుర్కీ చేసినది. సుర్కీ యనగా ఇటుకల పొడి. అయితే ఏ యిటుక పొడియైనను పనికిరాదు. మితముగా కాలిన యిటుకలోని మన్నే సున్నముతో కలియగల చైతన్యము గలది. మాడి గాజుబాఱిన యిటుక ఎంత మెత్తగా దంచినను వట్టి యిసుకతో సమానము. ఈ పొడిని సున్నముతో చేర్చి, గుండ్రని కాలువలో ఎద్దులు లాగు రాతిచక్రము క్రింద వెన్నవలె అగువఱకు నూఱినదే గానుగ సున్నము. పోర్ట్‌లాండు సిమెంటు మన దేశమున వాడుకలోనికి రాకముందు, 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమున కాటన్ దొర కట్టించిన ఆనకట్టకు సున్నపు గచ్చే ఆధారము. ఆ గోదావరీ తీరమునుండియే, కాకినాడ రేవున ఓడ లెక్కి, తెనుగువారు వేలకొలదిగా రంగూనుకు పోయి రేవులందును బియ్యపు మిల్లులందును కూలి చేసిరి. కోరంగి రేవు పేరిట అచ్చట వారిని ‘కోరంగీలు’ అని పిలిచిరి.

1930 మే 5వ తేదీ రాత్రి పెగూ ప్రాంతమున పుట్టిన భూకంపము రంగూనునుగూడ కుదిపినది. సెక్రెటేరియట్ గుమ్మటము దెబ్బతినెను. క్రింది గోడలు నిలిచెను. ఆ నెలలోనే తెనుగు రేవు కూలీల సమ్మెయు, మే 26న బర్మీయులకును తెనుగు కూలీలకును నడుమ ఆరంభమైన ఘోర కలహమును సంభవించుటచే, మనవారి స్మృతిలో భూకంపము వెనుకబడినది. ఆ గోడలు నిలుచుటకు గచ్చు స్వభావమును తోడ్పడియుండవచ్చును. సున్నపు గచ్చు మెత్తనిది కావున కొంత కదలిక నోర్చును; కదలికలో పగులు ఇటుకలో గాక సందులోనే పుట్టును; సందును మఱల నింపుట సులభము.

రంగూనున సాలీనా సుమారు 2,700 మిల్లీమీటర్ల వాన, అందధికభాగము మే మొదలు అక్టోబరు వఱకు, కురియును. పాత గోడ ఆ తడిని త్రాగి, ఎండ కాచినప్పుడు సందులలోని సున్నము గుండ వెలికి విడుచును. పోర్ట్‌లాండు సిమెంటు నీటిని అంత సులభముగా పోనీయదు. సందులను దానితో నింపిన పాత గోడను దగ్గఱనుండి చూచినవారికి రోగలక్షణము స్పష్టము: సందులలోని బూడిదరంగు సిమెంటు చెక్కుచెదరక గళ్లు గళ్లుగా ముందుకు పొడుచుకొనియుండును, గళ్ల నడుమ ఇటుక మాత్రము వ్రేలితో రాచిన రాలిపోవు ఎఱ్ఱని పొడియై లోనికి గుంటపడియుండును, గుంట యంచున తెల్లని ఉప్పు తేలియుండును. బయటికి దారి లేని తడి ఇటుకగుండనే వెడలి, ఆ దారిలో ఉప్పును స్ఫటికముగా విడిచి, ఇటుక చర్మమును చీల్చినదన్నమాట. 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు పొందిన పోర్ట్‌లాండు సిమెంటును నేను నిందింపను. కొత్త వంతెనకును కొత్త మేడకును అది ఉత్తమ పదార్థమే. మెత్తని యిటుకతో దానికి పొత్తు కుదరదు. అంతియే. ప్రాచీనాలయముల నగరమగు పగానున 2016 ఆగస్టు 24వ తేదీ భూకంపమున, అంతకు ముందు ఇటీవలి దశాబ్దులలో తిరిగి కట్టిన శిఖరభాగములు పెక్కులు కూలుట, కొత్తపాతల యీ పొత్తును గూర్చి ఆలోచింపవలసిన మఱియొక నిదర్శనము.

మరమ్మతు గచ్చుకు ఇంకొక మార్గము పరిశీలనార్హము. వరిఊకను మితమైన వేడిలో కాల్చిన బూడిదలో సిలికా నూటికి ఎనుబది పాళ్లకు పైగా నుండును. వేడి మితిమీఱనిచో అది సున్నముతో చక్కగా కలియును. ఐరావతీ ముఖద్వారపు మిల్లులలో ఊకకు కొదువ లేదు. సుర్కీకి తగిన యిటుక దొరకనిచోట ఈ బూడిదను పరీక్షించుట, విదేశపు సరకు తెప్పించుటకంటె చవుక, ఇటుకకును క్షేమకరము.

2012లో స్థాపితమైన యాంగోన్ హెరిటేజ్ ట్రస్టు పాత భవనములకు నీలి ఫలకములు తగిలించి వాని చరిత్రను బాటసారులకు తెలుపుచున్నది. ఆ ఫలకము తగిలిన ప్రతి గోడనుండియు గుప్పెడు గచ్చును తీసి, అందలి సున్నమెంత, ఇసుక యెంత, సుర్కీ యెంతయని తేల్చి, ఆ పాళ్లను భవన చరిత్రతోపాటు భద్రపఱచిన పిదపనే మేస్త్రీ చేతికి తాపీ నీయవలెను. గోదావరి మండలములందు గానుగ సున్నము నూఱిన వృద్ధులు ఇంకను కొందఱైనను ఉందురు. వారి పనితనమును వ్రాసిపెట్టుటకు మన విశ్వవిద్యాలయముల చరిత్ర, స్థాపత్య శాఖలవారు ఆలసింపక పూనుకొందురుగాక.