రికార్డుల అనుసంధానంతో ఆదరణ కరువైన బాలలకు అండ

జమ్మలమడుగు ప్రాంత బాలల సంక్షేమంలో ప్రభుత్వ రికార్డుల పాత్ర – ప్రత్యేక వ్యాసం

తల్లిదండ్రులను కోల్పోయిన, లేదా వారి ఆదరణకు దూరమైన బాలలకు ప్రభుత్వమే సంరక్షకుని స్థానంలో నిలుస్తుంది. ఇంట్లో పెరిగే బిడ్డ పుట్టిన తేదీ, వేయించిన టీకాలు, చదువుతున్న తరగతి తల్లికి జ్ఞాపకం ఉంటాయి. ధ్రువపత్రాలు ఇంటి పెట్టెలో భద్రంగా ఉంటాయి. సంరక్షణ గృహంలో పెరిగే బిడ్డకు ఆ జ్ఞాపకమూ, ఆ పెట్టే ప్రభుత్వ రికార్డులే. అవి వేర్వేరు కార్యాలయాలలో ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉండిపోతే, 18 ఏళ్లు నిండి గృహం విడిచే నాటికి ఆ యువతీ యువకులు తామెవరో నిరూపించుకోలేని పరిస్థితి ఏర్పడుతుంది. ఈ రికార్డులను సకాలంలో ఒక్కచోటికి చేర్చడం బాలల సంక్షేమంలో కీలకమైన అంశం.

జమ్మలమడుగు ప్రాంతం – ప్రత్యేక పరిస్థితులు

పెన్నా తీరంలోని జమ్మలమడుగు, పొరుగున ఉన్న ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాలలో వ్యవసాయ కూలి, చేనేత, నాపరాళ్ల గనుల పని పేద కుటుంబాలకు జీవనాధారాలు. వర్షాభావ పరిస్థితులలో పనులను వెతుక్కుంటూ వలస వెళ్లడం రాయలసీమ పల్లెలకు కొత్త కాదు. కుటుంబం ఊరు మారినప్పుడు బిడ్డ పేరు పాత ఊరి బడి రిజిస్టరులో మిగిలిపోతుంది. కొత్త ఊరిలో నమోదు ఆలస్యమవుతుంది. గండికోట జలాశయంలో నీటి నిల్వను పెంచిన క్రమంలో 2020లో కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరు వంటి ముంపు గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఇలా ఊరే తరలిపోయినప్పుడు చిరునామా, అంగన్‌వాడీ, పాఠశాల, రేషన్ కార్డు వివరాలను తిరిగి సరిచూడవలసి వస్తుంది. తల్లిదండ్రుల నీడ లేని బిడ్డ తరపున ఆ పని చేయించేవారు ఇంట్లో ఉండరు.

ఒక్క బిడ్డ – అనేక రిజిస్టర్లు

ఒక బిడ్డకు సంబంధించిన వివరాలు కనీసం అరడజను చోట్ల ఉంటాయి. జననం, తల్లిదండ్రుల మరణం పంచాయతీ లేదా పురపాలక రిజిస్టర్లలో నమోదవుతాయి. పోషకాహారం, టీకాల వివరాలు అంగన్‌వాడీ కేంద్రంలో ఉంటాయి. 2021 మార్చి నుంచి పోషణ్ ట్రాకర్ ద్వారా అంగన్‌వాడీ వివరాలను ఆన్‌లైన్‌లో నమోదు చేస్తున్నారు. చదువు వివరాలు యూడైస్ ప్లస్‌లో ఉంటాయి. 2022–23 విద్యా సంవత్సరం నుంచి ఇందులో పాఠశాలల వారీగానే కాక విద్యార్థుల వారీగా కూడా సమాచారం సేకరిస్తున్నారు. కుల, ఆదాయ ధ్రువపత్రాలు రెవెన్యూ శాఖ పరిధిలోనివి. తప్పిపోయిన పిల్లల కేసు పోలీసు స్టేషనులోనూ, సంరక్షణ ఉత్తర్వు జిల్లా బాలల సంక్షేమ కమిటీ వద్దా ఉంటాయి.

ఏ కార్యాలయం తన రిజిస్టరును సక్రమంగా నిర్వహించినా, పేరులో ఒక అక్షరం, పుట్టిన తేదీలో ఒక అంకె తేడా ఉంటే ఆ రికార్డులన్నీ ఒకే బిడ్డవని నిర్ధారించడం కష్టమవుతుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, మరొకచోట వెనుక రాయడం, తండ్రి పేరును పొట్టి అక్షరాలతో సరిపెట్టడం తరచుగా కనిపించే చిక్కులు.

చట్టం నిర్దేశించిన గడువులు

2016 జనవరి 15 నుంచి అమలులోకి వచ్చిన 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం, ఆదరణ, రక్షణ అవసరమైన బిడ్డను 24 గంటలలోగా (ప్రయాణ సమయం మినహాయించి) బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. సామాజిక విచారణను 15 రోజులలో పూర్తి చేయాలి. మొదటిసారి హాజరుపరచిన నాటి నుంచి 4 నెలలలోగా కమిటీ తుది ఉత్తర్వు ఇవ్వడానికి ఈ నివేదికే ఆధారం. బిడ్డ అవసరాలను బట్టి వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికను రూపొందించాలి. 2021 నాటి సవరణ 2022 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. కమిటీల పనితీరును సమీక్షించే బాధ్యత జిల్లా మేజిస్ట్రేటుకు ఉంది.

ఈ గడువులు పాటించాలంటే విచారణ జరిపే సిబ్బందికి ఇతర శాఖల సమాచారం వెంటనే అందాలి. జమ్మలమడుగు బడి రికార్డు కోసం ఒక లేఖ, పంచాయతీ నుంచి మరణ ధ్రువపత్రం కోసం మరొక లేఖ, వాటి జవాబుల కోసం నిరీక్షణ – ఇలా సాగితే 15 రోజులు చాలవు. ఆలస్యమైన ప్రతి వారం బిడ్డకు బడి తప్పిన వారమే కావచ్చు.

అనుసంధానంతో ఒనగూరే ప్రయోజనాలు

వయసు నిర్ధారణ: బిడ్డ వయసుపై సందేహం కలిగినప్పుడు చట్టంలోని 94వ సెక్షను ఒక వరుసను నిర్దేశించింది. మొదట పాఠశాల జనన తేదీ ధ్రువపత్రం లేదా మెట్రిక్యులేషన్ పత్రం, అవి లేనప్పుడు స్థానిక సంస్థ ఇచ్చిన జనన ధ్రువపత్రం, ఆ రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష వంటి వైద్య పరీక్షలు. పాఠశాల, జనన రికార్డులు అందుబాటులో ఉంటే బిడ్డను వైద్య పరీక్షకు పంపే అవసరమే రాదు. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. సంరక్షణ గృహంలోని అనాథ బాలల జనన సమాచారాన్ని గృహ నిర్వాహకులే అందించే వీలును ఇది కల్పించింది.

ఆర్థిక సహాయం: 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాల ప్రకారం స్పాన్సర్‌షిప్ కింద అర్హులైన బిడ్డకు నెలకు రూ.4,000 అందించే అవకాశం ఉంది. కుటుంబ వార్షికాదాయం గ్రామాలలో రూ.72,000, ఇతర ప్రాంతాలలో రూ.96,000 మించరాదు. తండ్రిని కోల్పోయి తల్లితో, లేదా ఇద్దరినీ కోల్పోయి అవ్వాతాతలతో ఉంటున్న బిడ్డను గృహానికి పంపకుండా ఇంట్లోనే పెంచేందుకు ఈ సహాయం తోడ్పడుతుంది. మరణ నమోదు, ఆదాయం, బడి హాజరు వివరాలు ఒక్కచోట కనిపిస్తే, అర్హులు అర్జీతో రాకముందే వారిని గుర్తించవచ్చు.

రిజర్వేషన్: రాష్ట్ర వెనుకబడిన తరగతుల జాబితాలోని ఎ గ్రూపులో అనాథ, నిరాశ్రయ బాలలకు కూడా చోటు ఉంది. పదేళ్ల వయసు రాకముందే తల్లిదండ్రులను కోల్పోయి, ఆదుకునే దిక్కు లేక, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన పాఠశాలలో గాని, అనాథాశ్రమంలో గాని చేరిన వారికి ఇది వర్తిస్తుంది. ఈ గ్రూపుకు 7 శాతం రిజర్వేషన్ ఉంది. అయితే దీనికి మూడు రికార్డులు కలవాలి: బిడ్డ జనన తేదీ, తల్లిదండ్రుల మరణ తేదీలు, సంస్థలో ప్రవేశం. ఇందులో ఏ ఒక్కటి దొరకకపోయినా, కళాశాల ప్రవేశ సమయంలో అర్హతను నిరూపించడం కష్టమవుతుంది. పదేళ్ల నాటి మరణ నమోదును పద్దెనిమిదేళ్ల యువకుడు ఒంటరిగా వెతుక్కోవడం కంటే, గృహంలో చేరిన నాడే దస్త్రంలో చేర్చడం సులువు.

తప్పిపోయిన పిల్లల గుర్తింపు: తప్పిపోయిన ప్రతి బిడ్డ విషయంలోనూ ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013 మే 10న ఆదేశించింది. పోలీసు స్టేషన్లలో నమోదైన పిల్లల వివరాలను గృహాలలో ఉన్న పిల్లల వివరాలతో సరిపోల్చేందుకు ట్రాక్ చైల్డ్ వ్యవస్థ ఏర్పడింది. పొరుగు రాష్ట్రమైన తెలంగాణలో పోలీసులు 2018లో దర్పణ్ అనే సాధనం ద్వారా ముఖచిత్రాలను పోల్చే విధానాన్ని ప్రవేశపెట్టారు.

కోవిడ్ కాలం నేర్పిన పాఠం

కోవిడ్ సమయంలో తల్లిదండ్రులను కోల్పోయిన బాలల కోసం కేంద్రం 2021 మే 29న పీఎం కేర్స్ పథకాన్ని ప్రకటించింది. లబ్ధిదారులకు 23 ఏళ్లు నిండేసరికి రూ.10 లక్షలు అందే ఏర్పాటు ఇందులో ఉంది. దేశవ్యాప్తంగా అందిన 9,331 దరఖాస్తులలో 4,532 ఆమోదం పొందినట్లు 2024 జూలైలో వెల్లడైంది. ఇటువంటి పథకంలో తల్లిదండ్రులిద్దరి మరణ నమోదు, బిడ్డతో వారి బంధుత్వం, బిడ్డ వయసు – ఈ మూడింటి పైనే అర్హత ఆధారపడుతుంది.

ఇతర దేశాల అనుభవం

ఆస్ట్రేలియాలోని పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రం 1995లో రికార్డుల అనుసంధాన వ్యవస్థను నెలకొల్పింది. స్వీడన్ 1947 నుంచి ప్రతి పౌరునికి వ్యక్తిగత సంఖ్య కేటాయిస్తోంది. సంరక్షణ కుటుంబాలలో పెరిగిన పిల్లల రికార్డులను విద్య, ఆరోగ్య రిజిస్టర్లతో కలిపి అక్కడి పరిశోధకులు పరిశీలించారు. ఆ పిల్లల తర్వాతి జీవితంలో ఎదురైన కష్టాలకు పాఠశాల చదువులో వెనుకబాటుతో గట్టి సంబంధం ఉన్నట్లు తేలింది. ఏ బిడ్డ బడికి దూరమవుతున్నదో ముందుగా గుర్తించడమే రికార్డుల అనుసంధానానికి మొదటి ప్రయోజనం కావాలని ఈ అనుభవం సూచిస్తోంది.

గోప్యతే హద్దు

రికార్డులను కలపడం అంటే అందరికీ చూపడం కాదు. బాల న్యాయ చట్టం 74వ సెక్షను బిడ్డ పేరు, చిరునామా, బడి వంటి గుర్తింపు వివరాల వెల్లడిని నిషేధించింది. ఉల్లంఘనకు 6 నెలల వరకు జైలు లేదా రూ.2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. చట్టంతో విభేదించిన బాలలకు గతం అడ్డురాకుండా కొత్త జీవితం కల్పించాలన్నది ఆ చట్టంలోని మూలసూత్రాలలో ఒకటి. కనుక ఆ వివరాలు బడి దస్త్రంలోకి చేరరాదు. ఆధార్ లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రయోజనం నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో స్పష్టం చేసింది. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ఉపాధ్యాయునికి చదువు వివరాలు, వైద్యునికి ఆరోగ్య వివరాలు – ఎవరికి ఎంత అవసరమో అంతే కనిపించే ఏర్పాటు ఉన్నప్పుడే అనుసంధానం బిడ్డకు మేలు చేస్తుంది.

పద్దెనిమిది ఏళ్లకు ముందే సన్నద్ధత

గృహం విడిచిన వారికి 21 ఏళ్ల వరకు అనంతర సంరక్షణ కల్పించేందుకు చట్టంలో వీలుంది. ఈ తోడ్పాటు నిజంగా అందాలంటే 18వ పుట్టినరోజుకు ఎంతో ముందే జనన, విద్యార్హత, కుల, నివాస ధ్రువపత్రాలు, బ్యాంకు ఖాతా, ఆరోగ్య వివరాలు ఒకే దస్త్రంగా సిద్ధం కావాలి. పేర్లు, తేదీలలోని తేడాలను పదో తరగతి పరీక్షలకు ముందే సరిచేయించడం ఉత్తమం. ఆ దస్త్రం గృహం బీరువాలోనే మిగిలిపోకుండా ఆ యువతి లేదా యువకుని చేతికి అందినప్పుడే దాని ప్రయోజనం నెరవేరుతుంది.

ఆదరణ అవసరమైన బాలలు కనిపించినప్పుడు 1098 బాలల సహాయ నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. సమీప పోలీసు స్టేషనుకు లేదా జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి కూడా తెలియజేయవచ్చు. విడిచిపెట్టబడిన లేదా తప్పిపోయిన బిడ్డ కనిపించినప్పుడు 24 గంటలలోగా సమాచారం ఇవ్వడం చట్టరీత్యా బాధ్యత. ఆ సమాచారంతోనే బిడ్డ పేరిట తొలి నమోదు మొదలవుతుంది.