సస్కాచెవాన్ జూనియర్ హాకీ లీగ్: చిన్న ఊళ్లు మోస్తున్న ఆట

మన దేశంలో హాకీ అంటే పచ్చటి మైదానం గుర్తొస్తుంది. కెనడాలో ఆ మాట అంటే మంచు మీద ఆడే ఆటే. అక్కడ పెద్ద నగరాల జట్ల సంగతి టీవీలో కనిపిస్తుంది గానీ, ఆ ఆటను బతికిస్తున్నది చిన్న ఊళ్లు. అలాంటి ఊళ్ల లీగ్ ఒకటి సస్కాచెవాన్ ప్రావిన్స్‌లో ఉంది. దాని గురించి ఇక్కడ వివరిస్తున్నాం.

ఎలా నడుస్తుంది

సస్కాచెవాన్ జూనియర్ హాకీ లీగ్ 1968లో మొదలైంది. 16 నుంచి 20 ఏళ్ల కుర్రాళ్లు ఇందులో ఆడతారు. కెనడాలో జూనియర్ హాకీకి మెట్లున్నాయి. పై మెట్టు మేజర్ జూనియర్. దాని కింద జూనియర్ ఏ. ఈ లీగ్ జూనియర్ ఏ తరగతికి చెందినది. సెప్టెంబరులో మొదలయ్యే సీజన్ మార్చి దాకా సాగుతుంది. ఆ తర్వాత ప్లేఆఫ్‌లు. ఇక్కడ గెలిచిన జట్టు జాతీయ జూనియర్ ఏ టైటిల్ కోసం పోటీ పడుతుంది. హంబోల్ట్ బ్రాంకోస్ జట్టు 2003లోనూ, 2008లోనూ ఆ జాతీయ టైటిల్ గెలిచింది. 1988లో గెలిచిన నోట్రడామ్ హౌండ్స్ జట్టులో ఆడిన రాడ్ బ్రిండమూర్, 2006లో స్టాన్లీ కప్ గెలిచిన కరోలినా హరికేన్స్‌కు కెప్టెన్ అయ్యాడు.

ఎస్తెవాన్, వేబర్న్, యార్క్‌టన్, నిపావిన్, మెల్ఫోర్ట్, లా రోంజ్ లాంటి ఊళ్ల పేర్లతో జట్లున్నాయి. సరిహద్దు ఊళ్లలో ఉండే మన పాఠకులకు ఫ్లిన్ ఫ్లాన్ సంగతి ఆసక్తిగా ఉంటుంది. ఆ ఊరు చాలావరకు మానిటోబా ప్రావిన్స్‌లో ఉంది, కొద్ది భాగమే సస్కాచెవాన్‌లో. జట్టు స్టేడియం కూడా మానిటోబా వైపే. అయినా బాంబర్స్ జట్టు ఆడేది సస్కాచెవాన్ లీగ్‌లోనే. గీత ఎక్కడున్నా, రాకపోకలు ఎటుంటే ఆట అటు సాగింది.

ఇంటి బిడ్డలా

ఆటగాళ్లలో చాలామంది వేరే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. వాళ్లకు హాస్టళ్లు ఉండవు. ఊళ్లోని కుటుంబాలు సీజన్ అంతా తమ ఇంట్లో పెట్టుకుంటాయి. దీన్ని బిల్లెట్ పద్ధతి అంటారు. మన పెద్దవాళ్లు వారాలు చేసుకుని చదువుకున్న రోజులు గుర్తొస్తాయి. తేడా ఏమిటంటే, వారాలబ్బాయి రోజుకో ఇంట్లో తినేవాడు. ఈ కుర్రాడు నెలల తరబడి ఒకే ఇంట్లో ఉంటాడు. తినడం, పడుకోవడం అన్నీ అక్కడే. కొన్ని కుటుంబాలతో అనుబంధం సీజన్ ముగిశాక కూడా కొనసాగుతుంది.

2018 ఏప్రిల్ 6

ఊళ్ల మధ్య దూరాలు వందల కిలోమీటర్లు. ప్రయాణమంతా బస్సులోనే. 2018 ఏప్రిల్ 6 సాయంత్రం ప్లేఆఫ్ మ్యాచ్ కోసం హంబోల్ట్ బ్రాంకోస్ బస్సు నిపావిన్ వెళ్తోంది. 35, 335 నంబరు హైవేలు కలిసే చోట, స్టాప్ గుర్తు దగ్గర ఆగకుండా ఒక ట్రక్కు అడ్డంగా వచ్చింది. బస్సులో ఉన్న 29 మందిలో 16 మంది చనిపోయారు. 13 మంది గాయపడ్డారు. చనిపోయినవారిలో 10 మంది ఆటగాళ్లు. మిగిలినవారిలో ఇద్దరు కోచ్‌లు, ఫిజియో, గణాంకాలు రాసే స్వచ్ఛంద సేవకుడు, రేడియో వ్యాఖ్యాత, బస్సు డ్రైవరు ఉన్నారు. సుమారు 6,000 జనాభా ఉన్న ఊరు అది. బిల్లెట్ ఇళ్లు కూడా తమ బిడ్డలనే పోగొట్టుకున్నాయి.

ట్రక్కు డ్రైవరు నేరం ఒప్పుకున్నాడు. 2019 మార్చిలో కోర్టు 8 ఏళ్ల జైలు శిక్ష వేసింది. అప్పటిదాకా ఆ ప్రావిన్స్‌లో భారీ ట్రక్కు లైసెన్సుకు తప్పనిసరి శిక్షణ లేదు. 2019 మార్చి 15 నుంచి కనీసం 121.5 గంటల శిక్షణ తప్పనిసరి చేశారు. దేశవ్యాప్తంగా 2020 సెప్టెంబరు నుంచి తయారయ్యే పెద్ద బస్సుల్లో సీటు బెల్టులు ఉండాలన్న నిబంధన కూడా వచ్చింది.

చనిపోయిన ఆటగాళ్లలో లోగన్ బూలే ఒకడు. 21 ఏళ్లు నిండాక అవయవదానానికి పేరు నమోదు చేసుకున్నాడు. అతని అవయవాలు ఆరుగురికి అందాయి. ఆ కబురు తెలిశాక కొద్ది వారాల్లోనే లక్షకు పైగా కెనడావాసులు తమ పేర్లు నమోదు చేసుకున్నారు. ఏటా ఏప్రిల్ 7న ఆకుపచ్చ చొక్కాలు వేసుకుని అవయవదానంపై అవగాహన కల్పిస్తారు.

2018 సెప్టెంబరు 12న హంబోల్ట్ జట్టు మళ్లీ సొంతూళ్లో ఆడింది. ప్రత్యర్థి నిపావిన్ జట్టే. ఆ రోజు ప్రమాదం నుంచి బతికి బయటపడ్డ ఇద్దరు ఆటగాళ్లు కూడా మంచు మీదికి దిగారు.

ఇప్పటి సవాలు

ఇన్నేళ్లూ ఈ లీగ్‌కు ఒక ఆకర్షణ ఉండేది. మేజర్ జూనియర్‌లో ఆడితే అమెరికా కాలేజీ హాకీకి అర్హత పోయేది. జూనియర్ ఏలో ఆడితే పోయేది కాదు. స్కాలర్‌షిప్‌పై చదువుకోవాలనుకునే కుర్రాళ్లు అందుకే ఇటు వచ్చేవారు. 2024 నవంబరులో అమెరికా కాలేజీ క్రీడల సంఘం ఆ నిబంధన మార్చింది. 2025 ఆగస్టు నుంచి మేజర్ జూనియర్ ఆటగాళ్లకూ కాలేజీ తలుపు తెరుచుకుంది. మంచి ఆటగాళ్లు పై మెట్టుకు వెళ్లిపోతే, టికెట్ల మీద, విరాళాల మీద, స్వచ్ఛంద సేవకుల మీద ఆధారపడ్డ ఊరి జట్లకు కష్టమే.

ఆ కూడలిలో ఇప్పుడు స్మారకంగా శిలువలు ఉన్నాయి. చలికాలం వస్తే జట్ల బస్సులు మళ్లీ ఆ హైవేల మీదే ఊరి నుంచి ఊరికి వెళ్తుంటాయి.