సినిమా వీఎఫ్ఎక్స్‌కి క్లౌడ్: రెండరింగ్ ఎలా జరుగుతుంది? బిల్లు ఎక్కడ పెరుగుతుంది?

రిలీజ్ డేట్ ఇచ్చేశారు, పోస్టర్ కూడా వదిలేశారు. వీఎఫ్ఎక్స్ షాట్లు మాత్రం ఇంకా రాలేదు. తెలుగు సినిమా ఫాలో అయ్యేవాళ్లకి ఈ మాట కొత్తేం కాదు. 2023 సంక్రాంతికి రావాల్సిన ప్రభాస్ ‘ఆదిపురుష్’ జూన్ 16కి వెళ్లింది. విజువల్స్‌పై పనిచేసే టీమ్‌లకు ఇంకొంత టైమ్ కావాలన్నదే అప్పట్లో దర్శకుడు ఓం రౌత్ చెప్పిన కారణం.

వీఎఫ్ఎక్స్‌కి పట్టే టైమ్‌లో కొంత మనుషుల పని, కొంత మెషీన్ల పని. ఇందులో రెండోదాన్ని తగ్గించేదే క్లౌడ్ కంప్యూటింగ్. అదెలాగో, దానికయ్యే ఖర్చేంటో చూద్దాం.

అసలు రెండరింగ్ అంటే?

ఆర్టిస్ట్ కంప్యూటర్‌లో తయారుచేసిన సీన్‌కి వెలుతురు, నీడలు, నీళ్లు, పొగ, జుట్టు అన్నీ లెక్కగట్టి ఫైనల్ ఫ్రేమ్‌గా మార్చడమే రెండరింగ్. సినిమాలో సెకనుకు 24 ఫ్రేమ్‌లు ఉంటాయి. రెండున్నర గంటల సినిమా అంటే 2,16,000 ఫ్రేమ్‌లు.

ఉదాహరణకి 5 సెకన్ల షాట్ తీసుకుందాం. అందులో 120 ఫ్రేమ్‌లు ఉంటాయి. ఒక్కో ఫ్రేమ్‌కి 4 గంటలు పడుతుందనుకుంటే మొత్తం 480 గంటల పని.

- ఒక్క మెషీన్ ఉంటే: 20 రోజులు
- 10 మెషీన్లు ఉంటే: 2 రోజులు
- 120 మెషీన్లు ఉంటే: 4 గంటలు

సాధారణంగా ఏ ఫ్రేమ్‌కి ఆ ఫ్రేమ్‌ని విడిగా రెండర్ చేయొచ్చు కాబట్టే ఇది సాధ్యం. క్లౌడ్‌లో మెషీన్లకి వాడుకున్న టైమ్‌ని బట్టే అద్దె. అంటే పై మూడు సందర్భాల్లోనూ మెషీన్ల అద్దె ఇంచుమించు ఒక్కటే, తేడా అంతా టైమ్‌లోనే. చిన్న స్టూడియోకి 120 మెషీన్లు కొనే స్తోమత ఉండకపోవచ్చు. నాలుగు గంటలు అద్దెకు తీసుకోవడం మాత్రం కుదురుతుంది.

సొంత సర్వర్ల నుంచి అద్దె మెషీన్ల దాకా

2009లో వచ్చిన ‘అవతార్’ కోసం న్యూజిలాండ్‌లోని వెటా డిజిటల్ వెల్లింగ్టన్‌లో సుమారు 4,000 సర్వర్లతో సొంత రెండర్ ఫార్మ్ నడిపింది. అదే సంస్థ 2020 డిసెంబర్‌లో అమెజాన్ వెబ్ సర్వీసెస్‌తో చేతులు కలిపింది. 2022లో రిలీజైన ‘అవతార్: ద వే ఆఫ్ వాటర్’కి సొంత సర్వర్లు చాలక అమెజాన్ క్లౌడ్‌నీ వాడుకుంది.

పెద్ద టెక్ కంపెనీలు అంతకుముందే ఈ రంగంపై కన్నేశాయి. క్లౌడ్ రెండరింగ్ సంస్థ జింక్‌ని గూగుల్ 2014లో కొన్నది. రెండర్ పనులను మెషీన్లకి పంచే ‘డెడ్‌లైన్’ సాఫ్ట్‌వేర్ తయారుచేసే థింక్‌బాక్స్‌ని అమెజాన్ 2017లో కొని, 2024 ఏప్రిల్‌లో ‘డెడ్‌లైన్ క్లౌడ్’ సర్వీస్ తెచ్చింది. అమెజాన్ డేటా సెంటర్ రీజియన్ ముంబైలో 2016లో, హైదరాబాద్‌లో 2022 నవంబర్‌లో మొదలయ్యాయి.

దగ్గర్లో రీజియన్ ఉంటే ఇంకో లాభం కూడా ఉంది. ఆర్టిస్టులు ఇంటి నుంచి మామూలు ల్యాప్‌టాప్‌తోనే క్లౌడ్‌లోని పవర్‌ఫుల్ కంప్యూటర్‌ని వాడుకోవచ్చు. దూరం తక్కువైతే మౌస్ కదిలించగానే స్క్రీన్ స్పందిస్తుంది. దూరం పెరిగేకొద్దీ ఆ లాగ్ చిరాకు పుట్టిస్తుంది.

బిల్లు ఎక్కడ పెరుగుతుంది?

మెషీన్లు ఆపడం మర్చిపోతే: రెండర్ అయిపోయినా మెషీన్ ఆన్‌లో ఉంటే మీటర్ తిరుగుతూనే ఉంటుంది. పని అయిపోగానే ఆటోమేటిక్‌గా ఆగేలా సెట్ చేసుకోవాలి.

డేటా బయటికి తెచ్చుకుంటే: మామూలుగా క్లౌడ్‌లోకి అప్‌లోడ్ ఫ్రీ. డౌన్‌లోడ్‌కి మాత్రం జీబీల లెక్కన చార్జ్ పడుతుంది. అందుకే షాట్ చెకింగ్‌కి చిన్న సైజు వీడియో, ఫైనల్ అయ్యాకే ఒరిజినల్ ఫ్రేమ్‌లు తెచ్చుకోవడం మేలు.

సాఫ్ట్‌వేర్ లైసెన్సులు: చాలా రెండరింగ్ సాఫ్ట్‌వేర్లకి మెషీన్‌కో లైసెన్స్ కావాలి. 120 మెషీన్లు తీసుకుని 10 లైసెన్సులే ఉంటే మిగతా 110 ఖాళీగా కూర్చుంటాయి. గంటల లెక్కన లైసెన్స్ దొరుకుతుందో లేదో ముందే చూసుకోవాలి.

తప్పు షాట్ రెండర్ చేస్తే: మొత్తం ఫ్రేమ్‌లు పంపేముందు తక్కువ క్వాలిటీలో ప్రతి పదో ఫ్రేమ్‌ని టెస్ట్ చేస్తే, చాలా తప్పులు అక్కడే బయటపడతాయి.

తగ్గించుకునే దారి కూడా ఉంది. ఖాళీగా ఉన్న మెషీన్లను ‘స్పాట్’ పేరుతో అమెజాన్ 90 శాతం వరకు తక్కువ రేటుకి ఇస్తుంది. కాకపోతే అవసరమైతే రెండు నిమిషాల నోటీసుతో వెనక్కి తీసేసుకుంటుంది. సగంలో ఆగిన ఫ్రేమ్‌ని మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు. నాలుగు గంటలు పట్టే ఫ్రేమ్‌కి ఇది నష్టమే, పది నిమిషాల ఫ్రేమ్‌కి పెద్ద ఇబ్బంది కాదు.

నెట్ స్పీడే అసలు పరీక్ష

10 టీబీ ఫుటేజ్‌ని 1 జీబీపీఎస్ లైన్‌పై ఫుల్ స్పీడ్‌లో పంపినా 22 గంటలు పడుతుంది. అదే 100 ఎంబీపీఎస్ అయితే 9 రోజులు దాటుతుంది. రిలీజ్ రెండు వారాలుందనగా క్లౌడ్‌కి వెళ్దామనుకుంటే, అందులో సగానికిపైగా అప్‌లోడ్‌కే పోతుంది. షూటింగ్ జరుగుతున్నప్పటి నుంచే మెటీరియల్ కొద్దికొద్దిగా ఎక్కించుకుంటూ రావాలి.

లీక్ భయం సంగతేంటి?

2013లో ‘అత్తారింటికి దారేది’లో చాలా భాగం రిలీజ్‌కి ముందే బయటికొచ్చింది. అది సర్వర్ హ్యాక్ కాదు, కాపీ చేతులు మారడం వల్ల జరిగింది. క్లౌడ్‌లో ఎవరు ఏ ఫైల్ ఎప్పుడు తెరిచారో రికార్డ్ చేసుకునే వీలుంది, డౌన్‌లోడ్‌ని పూర్తిగా ఆపేయొచ్చు. పాస్‌వర్డ్ నలుగురూ పంచుకుంటే మాత్రం ఇవేవీ పనిచేయవు. హాలీవుడ్ పని కావాలనుకునే స్టూడియోలకు ‘ట్రస్టెడ్ పార్ట్‌నర్ నెట్‌వర్క్’ సెక్యూరిటీ అసెస్‌మెంట్ కూడా ముఖ్యమే. మోషన్ పిక్చర్ అసోసియేషన్ భాగస్వామ్యంతో ఇది 2018లో మొదలైంది.

ఎవరికి లాభం?

ఏడాది పొడవునా రెండర్ పని ఉంటే సొంత మెషీన్లే చవక కావచ్చు. సినిమాకీ సినిమాకీ మధ్య గ్యాప్ ఉండి, చివరి రెండు నెలల్లోనే ఒత్తిడి పెరిగే స్టూడియోకి క్లౌడ్ ఉపయోగం. రోజువారీ పనికి సొంత మెషీన్లు, రద్దీకి అద్దె మెషీన్లు అన్న మిక్స్ పద్ధతి కూడా ఉంది.

ఒక్కటి మాత్రం క్లౌడ్ చేయలేదు. డైరెక్టర్ చివరి నిమిషంలో షాట్ మార్చమంటే, ఆ మార్పు చేయాల్సింది ఆర్టిస్టే. 120 మెషీన్లు గంటలో దొరుకుతాయి, 120 మంది మంచి ఆర్టిస్టులు దొరకరు. రిలీజ్ డేట్ ప్రకటించేముందు నిర్మాతలు లెక్క వేసుకోవాల్సింది ముందు వాళ్ల టైమే.