50 ఆహారానికి ఒక కూలీ: ఆటలోని ఈజిప్టు, అసలు ఈజిప్టు



మన గ్రూపులో చాలామంది 'ఏజ్ ఆఫ్ మైథాలజీ' ఆడతారు. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది పురాణ దేవుళ్ల చుట్టూ అల్లిన యుద్ధం ఆట. 2002లో ఎన్సెంబుల్ స్టూడియోస్ తయారు చేస్తే మైక్రోసాఫ్ట్ విడుదల చేసింది. 2024లో 'రీటోల్డ్' పేరుతో కొత్త రూపంలో మళ్లీ వచ్చింది. మొదటి ఆటలో గ్రీకులు, ఈజిప్షియన్లు, నార్స్ జనం అని మూడు నాగరికతలు ఉండేవి. ఏదో ఒకటి ఎంచుకుని, ఊరు కట్టి, సైన్యం పెంచి, ఎదుటివాడిని ఓడించాలి.

ఈ పోస్టు ఈజిప్టు గురించి. ఎలా గెలవాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి, కాబట్టి మనం ఆ పని పెట్టుకోవడం లేదు. ఈజిప్టుతో ఆడుతుంటే కనబడే ఒక మాట ఉంది: 'ఉచితం'. ఆ మాట వెనక అసలు చరిత్ర ఏమిటో చూద్దాం. అందులో మన పిల్లలందరూ తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది.

ముందు ఆట సంగతి. ఈజిప్టు తీసుకుంటే ఐసిస్, రా, సెత్ అనే ముగ్గురు పెద్ద దేవుళ్లలో ఒకరిని ఎంచుకోవాలి. మిగతావాళ్లు ఇల్లు కట్టాలంటే చెట్లు కొట్టి కర్ర తేవాలి. ఈజిప్టువాళ్లకి కట్టడాలకు కర్ర అక్కర్లేదు. కోటల్లాంటి పెద్దవాటికి బంగారం పెట్టాలి. ఇళ్లు, ధాన్యం కొట్లు, గనుల దగ్గరి శిబిరాలు లాంటివి ఉచితం. కూలీని తీసుకెళ్లి చోటు చూపిస్తే చాలు, కట్టేస్తాడు. కాకపోతే మెల్లగా కడతాడు. ఫారోని పక్కన నిలబెడితే పని వేగం అందుకుంటుంది. ఒక కూలీని పుట్టించడానికి అయ్యే ఖర్చు 50 ఆహారం. చచ్చిపోతే ఇంకో 50 పెట్టి ఇంకొకడిని తెచ్చుకోవచ్చు. ఫారో చచ్చిపోతే మాత్రం కొంతసేపటికి తనంతట తానే తిరిగి పుడతాడు.

ఈ ఆట చేసినవాళ్లు ఏమీ చదవకుండా చేశారని అనలేం. కర్ర విషయం నిజమే. నైలు లోయలో పెద్ద కలప దొరకదు. ఇళ్లు, రాజభవనాలు కూడా పచ్చి మట్టి ఇటుకతో కట్టుకున్నారు. మంచి కలప కావాలంటే లెబనాన్ కొండల నుంచి దేవదారు దుంగలు సముద్రం మీద తెప్పించుకోవాల్సిందే. 1954లో పెద్ద పిరమిడ్ పక్కన గోతిలో దొరికిన ఖుఫు పడవ సుమారు 43 మీటర్ల పొడవు. అది ఆ దేవదారుతో చేసిందే.

కొన్నిచోట్ల మాత్రం కాలాలు కలిపేశారు. ఆటలో ఈజిప్టువాళ్లు ఒంటెల మీద, ఏనుగుల మీద యుద్ధానికి వెళ్తారు. పిరమిడ్లు కట్టిన కాలంలో ఈజిప్టు సైన్యంలో ఈ రెండూ లేవు. యుద్ధపుటేనుగులు వచ్చింది టోలమీ రాజుల కాలంలో, అంటే పెద్ద పిరమిడ్ కట్టిన రెండు వేల ఏళ్లకు పైగా గడిచాక. ఆటలో ఇలాంటివి మామూలే, దానికి గొడవ పడక్కర్లేదు. మన గొడవ 'ఉచితం' అనే మాటతోనే.

పెద్ద పిరమిడ్‌కి లక్షమంది చొప్పున ఇరవై ఏళ్లు పనిచేశారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఆయన రాసేనాటికే పిరమిడ్ వయసు రెండు వేల ఏళ్లు. పనివాళ్లు అంతకంటే చాలా తక్కువమందే ఉండి ఉంటారని ఇప్పటి పరిశోధకుల లెక్క. 1990లో గీజా దగ్గర ఆ పనివాళ్ల సమాధులే బయటపడ్డాయి. ఆ పక్కనే రొట్టెలు కాల్చిన బట్టీలు, పశువుల ఎముకలు దొరికాయి. అస్థిపంజరాల్లో బరువులు మోసి అరిగిపోయిన వెన్నెముకలు ఉన్నాయి, విరిగి కట్టు కడితే అతుక్కున్న చేతులూ ఉన్నాయి. సినిమాల్లో చూపించినట్టు వాళ్లందరూ కొరడా దెబ్బల కింద పడి ఉన్న బానిసలు కారు. తిండి పెట్టారు, వైద్యం చేశారు, చనిపోతే రాజు పిరమిడ్‌కి కనుచూపు దూరంలో పూడ్చిపెట్టారు.

అలాగని ఇష్టపడి వచ్చారని కూడా అనుకోకూడదు. ఈజిప్టు రాజ్యంలో మామూలు జనం ఏడాదిలో కొంతకాలం రాజు పనికి వెళ్లి తీరాలి. కాలువలు తవ్వాలి, రాళ్లు లాగాలి, రాజు పొలాలు దున్నాలి. దీనికి తెలుగులో కొత్త మాట వెతుక్కోనక్కర్లేదు. వెట్టి. గూడెం కొండల్లో రోడ్లు వేయించడానికి మన పెద్దల చేత చేయించింది కూడా అదే. 1922-24 రంప పోరాటానికి ఉన్న కారణాల్లో అదొకటి.

వెట్టికి రాకపోతే ఏమయ్యేదో చెప్పే కాగితం ఒకటి మిగిలింది. ఇప్పుడు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియంలో ఉంది. సుమారు 3,800 ఏళ్ల కిందట ఎగువ ఈజిప్టులోని ఒక జైలు కార్యాలయంలో రాసిన పట్టీ అది. రాజు పనికి రాకుండా పారిపోయినవాళ్ల పేర్లు వరసగా ఉన్నాయి. ఎవరు, ఎవరి కొడుకు, ఏ ఊరు, అన్నీ రాశారు. మనిషి దొరక్కపోతే ఇంట్లోవాళ్లను పట్టుకొచ్చి ఉంచేవాళ్లు. అతను వచ్చి లొంగితే వాళ్లను వదిలేవాళ్లు. ఆటలో కూలీ ఎప్పుడూ పారిపోడు, అతనికి ఇల్లూవాకిలీ ఉండవు, పట్టుకొచ్చి కూర్చోబెట్టడానికి అమ్మా, పెళ్లామూ ఉండరు. అందుకే అక్కడ పని 'ఉచితం'.

ఇక్కడ ఒక్కటి గమనించండి. పారిపోయిన ఆ మనుషుల పేర్లు మనకు తెలుసు. ఎందుకు పారిపోయారో తెలియదు. ఎందుకంటే ఆ పట్టీ రాసింది వాళ్లు కాదు, వాళ్లను వెతుకుతున్న ఆఫీసు.

ఇలాంటిదే ఇంకొకటి. ఆటలో ఈజిప్టుకి బంగారం ఇచ్చి కిరాయి సైనికులను అప్పటికప్పుడు తెచ్చుకునే వీలుంది. వాళ్లు కొద్దిసేపు యుద్ధం చేసి మాయమైపోతారు. అసలు ఈజిప్టు సైన్యంలోనూ బయటివాళ్లు చాలామంది ఉండేవాళ్లు. ముఖ్యంగా దక్షిణాన నూబియా నుంచి వచ్చిన విలుకాళ్లు. ఆ వైపు ఎడారిలో పశువులు మేపుకుంటూ తిరిగే తెగల్ని ఈజిప్టువాళ్లు మెజాయ్ అని పిలిచేవాళ్లు. మూడవ అమెనెంహాత్ రాజు కాలంలో సరిహద్దు కోటల్లోని అధికారులు రాసుకున్న రిపోర్టులు కొన్ని దొరికాయి. ఎడారిలో ఎవరి అడుగుజాడలు కనబడ్డాయి, ఎవరు ఎటు వెళ్లారు అని రోజువారీగా రాశారు. ఒక రిపోర్టులో కొందరు మెజాయ్‌లు ఆడామగా కలిసి కోట దగ్గరికి దిగి వచ్చారు. పని ఇప్పించమన్నారు. ఎడారి సంగతేమిటని అడిగితే, అక్కడ ఆకలితో చచ్చిపోతున్నాం అన్నారు. ఆ రోజే వాళ్లను వచ్చిన దారినే వెనక్కి పంపేశారు. రిపోర్టులో ఆ మాట అంతటితో అయిపోయింది. ఆ తర్వాత వాళ్లు బతికారో లేదో ఎవరూ రాయలేదు.

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం.

లక్సర్‌కి ఎదురుగా, నైలు పడమటి ఒడ్డున, కొండల మధ్య దెయిర్ ఎల్ మెదీనా అనే చోట ఒక పనివాళ్ల ఊరు ఉండేది. రాజుల లోయలో ఫారోల సమాధులు తొలిచి, చెక్కి, రంగులేసింది ఈ ఊరివాళ్లే. ఈ పని తరతరాలుగా వాళ్లదే. ఆ ఊరికి ఒక ప్రత్యేకత ఉంది. ఈజిప్టులో చదవడం రాయడం వచ్చినవాళ్లు చాలా కొద్దిమంది. ఈ ఊళ్లో మాత్రం చాలామందికి వచ్చు, ఎందుకంటే సమాధి గోడల మీద అక్షరాలు గీయాల్సింది వాళ్లే. పాపిరస్ ఖరీదైనది కాబట్టి రాతి పలకల మీద, పగిలిన కుండ పెంకుల మీద రాసుకునేవాళ్లు. అప్పులు, గాడిద అద్దె, కోర్టు తగాదాలు, ఉత్తరాలు, చాకలి పద్దులు, అన్నీ. అలాంటివి వేలల్లో దొరికాయి.

అందులో ఒక పలక బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. రెండవ రామ్సెస్ పాలనలో 40వ ఏడాది నాటిది. మన ఉపాధి పని మస్టర్ లాంటిదే. సుమారు నలభైమంది పనివాళ్ల పేర్లు, ఎవరు ఏ రోజు రాలేదు, ఎందుకు రాలేదు అని ఉంటుంది. ఒకతనికి ఒంట్లో బాగోలేదు. ఒకతను ఇంట్లో బీరు కాస్తున్నాడు. ఒకతను చనిపోయిన తన మనిషికి జరగాల్సినవి చేయిస్తున్నాడు. ఒకతన్ని తేలు కుట్టింది. ఆటలో నెఫ్తిస్ అమ్మవారిని కొలిస్తే 'తేలు మనిషి' అనే వింత జీవి వస్తుంది. అసలు ఈజిప్టులో తేలు కుట్టి పనికి రాలేకపోయిన మనిషి ఉన్నాడు. అతని పేరుతో సహా మూడు వేల ఏళ్లు దాటి మనదాకా వచ్చింది.

వాళ్ల కూలి కూడా తెలుసు. డబ్బు నాణేలు అప్పటికి లేవు. మామూలు పనివాడికి నెలకి రొట్టెల కోసం 4 ఖార్ల గోధుమ, బీరు కోసం ఒకటిన్నర ఖార్ల బార్లీ. ఖార్ అంటే సుమారు 76 లీటర్లు పట్టే కొలత. ఇవి కాక చేపలు, కూరగాయలు, నూనె, వంటచెరకు, బట్టలు. ఆటలో ఒకసారి 50 ఆహారం పెడితే కూలీ జీవితాంతం తిండి అడగడు. వీళ్లకి నెలనెలా రావాలి, రాకపోతే పొయ్యి వెలగదు.

మూడవ రామ్సెస్ పాలనలో 29వ ఏడాది. ఇప్పటికి సుమారు 3,180 ఏళ్ల కిందట. కూలి ధాన్యం రావడం ఆలస్యమైంది. ఆ నెలలో రోజులు గడిచిపోతున్నాయి, గింజ రాలేదు. పనివాళ్లు పనిముట్లు వదిలేసి, కాపలా గోడలు దాటుకుని కిందికి దిగి, ఒక ఆలయం వెనక కూర్చున్నారు. అధికారులు వచ్చి బతిమాలారు, మాటలు చెప్పారు. వీళ్లు లేవలేదు. ఆకలితో, దాహంతో ఇక్కడిదాకా వచ్చాం, బట్టల్లేవు, నూనె లేదు, చేపల్లేవు, కూరల్లేవు, ఈ సంగతి ఫారోకి రాసి పంపండి అన్నారు. మరుసటి రోజుల్లో ధాన్యం కొట్లు ఉన్న రెండవ రామ్సెస్ ఆలయందాకా వెళ్లారు. బాకీ ఉన్న నెల కూలి ఇచ్చారు. తర్వాత మళ్లీ ఆగింది, మళ్లీ పని ఆపారు. చరిత్రలో రాతపూర్వకంగా దొరికిన మొదటి సమ్మె ఇదే అంటారు.

ఈ కథలో మనకి ఎక్కువ నచ్చిన మనిషి ఒకడున్నాడు. పేరు మెంత్‌మోసె. ఆ సమాధుల లోయకి కాపలా పోలీసుల అధిపతి. ఆ పోలీసులను కూడా మెజాయ్ అనే పిలిచేవాళ్లు. ఒకప్పుడు ఎడారి తెగ పేరు, అప్పటికి ఉద్యోగం పేరుగా మారిపోయింది. కాబట్టి ఇతను ఆ తెగవాడే అని మనం చెప్పడం లేదు. కానీ పనివాళ్లను అడ్డుకోవాల్సిన ఉద్యోగంలో ఉండి అతను చెప్పింది వేరు. ఇళ్లకు తాళాలు వేసుకోండి, ఆడవాళ్లనీ పిల్లల్నీ తీసుకురండి, ఆలయం దగ్గరికి నేనే ముందు నడుస్తాను, అక్కడ కూర్చుందాం అన్నాడు. ఒకప్పుడు మెజాయ్ జనం ఆకలి అంటూ వస్తే కోట అధికారులు వెనక్కి పంపేశారు. కొన్ని వందల ఏళ్ల తర్వాత మెజాయ్ అనే బిరుదు ఉన్నవాడు ఆకలిగొన్నవాళ్ల ముందు నడిచాడు.

ఇదంతా మనకి ఎలా తెలిసింది? ఆ ఊళ్లో ఉన్న ఒక లేఖకుడు రోజువారీగా రాసిపెట్టాడు కాబట్టి. ఆ పాపిరస్ ఇటలీలోని ట్యూరిన్ మ్యూజియంలో ఉంది. మూడవ రామ్సెస్ తన విజయాల గురించి మెదినెత్ హబు ఆలయం గోడల నిండా చెక్కించుకున్నాడు. ఆ గోడల్ని బట్టే చూస్తే అతని రాజ్యంలో ఎవరికీ ఏ లోటూ లేదు. పనివాళ్ల రాత దొరక్కపోతే మనమూ అదే నమ్మేవాళ్లం.

ఇప్పుడు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. వెట్టి నుంచి పారిపోయినవాళ్ల గురించి జైలు ఆఫీసు రాసింది. మెజాయ్‌ల గురించి కోట అధికారులు రాశారు. దెయిర్ ఎల్ మెదీనా పనివాళ్ల గురించి వాళ్ల ఊరివాళ్లే రాశారు. మొదటి రెండింటిలో మనుషులు ఒక కేసుగా మిగిలారు. మూడోదాంట్లో ఆకలి, కోపం, బేరం, తేలు కాటు అన్నీ ఉన్న మనుషులుగా మిగిలారు. తేడా కష్టంలో లేదు. రాసిన చేతుల్లో ఉంది.

ఆటలో దేవుళ్ల అనుగ్రహం కోసం ఈజిప్టువాళ్లు వరసగా ఐదు స్మారకాలు కట్టాలి. మొదటిది గ్రామస్తులకి, తర్వాత సైనికులకి, పూజారులకి, ఫారోలకి, చివరికి దేవుళ్లకి. గ్రామస్తులదే అన్నిటికంటే చిన్నది. అసలు ఈజిప్టులో ఏ ఫారో కూడా కూలీలకి స్మారకం కట్టించిన దాఖలా లేదు. దెయిర్ ఎల్ మెదీనావాళ్లు మాత్రం తమ సమాధులు తామే తొలుచుకున్నారు, వాటి మీద చిన్న చిన్న పిరమిడ్లు కూడా కట్టుకున్నారు. 1886లో దొరికిన సెన్నెజెమ్ సమాధి గోడల మీద అతనూ అతని భార్యా పరలోకంలో పొలం దున్నుతూ, పంట కోస్తూ కనిపిస్తారు. రంగులు ఇప్పటికీ వెలిసిపోలేదు.

మన సంగతికొస్తే, గోండులు, కోయలు, కొండరెడ్లు, సవరలు, జాతాపులు, ఎవరి గురించి వెతికినా పాత రాతల్లో ఎక్కువ భాగం ఏజెన్సీ రిపోర్టులు, అటవీ శాఖ కేసులు, పోలీసు రికార్డులే. అంటే జైలు పట్టీలు, కోట రిపోర్టులు. మన పెద్దలు పాటల్లో, కథల్లో దాచింది వేరే ఉంది, అది ఇంకా చాలావరకు కాగితం మీదికి రాలేదు. చాలా ఇళ్లలో బడికి వెళ్లి రాయడం నేర్చుకున్న మొదటి తరమో రెండో తరమో మనమే. ఆ పని మన చేతుల్లోనే ఉంది.

అందుకని ఒక ప్రతిపాదన. ఈ సెలవులకి ఊరెళ్లినప్పుడు ఒక్క కట్టడాన్ని ఎంచుకోండి. ఘాట్ రోడ్డు కావచ్చు, చెరువు గట్టు కావచ్చు, ఆశ్రమ పాఠశాల కావచ్చు. దానికి రాళ్లు మోసినవాళ్లు ఎవరు, ఎన్ని రోజులు చేశారు, కూలి ఎంత ఇచ్చారు, ఇవ్వకపోతే ఏం చేశారు, ఎవరికి దెబ్బ తగిలింది అని పెద్దవాళ్లను అడగండి. వాళ్లు కోయలో చెప్తే కోయలో, కువిలో చెప్తే కువిలో, తెలుగు అక్షరాల్లోనే అయినా సరే ఉన్నది ఉన్నట్టు రాయండి. తేదీ, ఊరు పేరు తప్పకుండా పెట్టండి. బతికి ఉన్నవాళ్ల పేర్లు బయట పెట్టే ముందు వాళ్లను అడగండి. గ్రూపుకి పంపితే అన్నీ ఒకచోట చేర్చుదాం.

ఆట ఆడటం మానక్కర్లేదు, మేమూ మానం. అవతల ఇంకో 50 ఆహారం పెట్టి ఇంకో కూలీని పిలిచేటప్పుడు, నెలకి ఐదున్నర ఖార్ల ధాన్యం కోసం గోడ దాటి వచ్చి కూర్చున్నవాళ్లను ఒకసారి తలుచుకుంటే చాలు.