నాస్ పెట్టె మొరాయిస్తే: ఆపేముందు, తుడిచేముందు అడగాల్సిన ఐదు ప్రశ్నలు

మన సంఘాల్లోనూ కొన్ని ఇళ్లలోనూ పాత ఫొటోలు, పెళ్లి వీడియోలు, మూతబడిన తెలుగు బడుల రిజిస్టర్ల స్కాన్ కాపీలు, పెద్దవాళ్ల మాటల రికార్డింగులు ఇప్పుడు నాస్ అనే చిన్న పెట్టెలో ఉంటున్నాయి. అందులో రెండో నాలుగో హార్డ్ డిస్కులుంటాయి. రౌటర్‌కు తగిలిస్తే ఇంట్లోని కంప్యూటర్లన్నిటికీ అది ఫైళ్లు అందిస్తుంది. సైనాలజీ, క్యూనాప్ వంటి కంపెనీల పెట్టెలు ఎక్కువగా లినక్స్ ఆధారంగానే నడుస్తాయి.

ఈ పెట్టె ఒకరోజు తెరుచుకోకపోతే చాలామంది స్విచ్ ఆపి మళ్లీ వేస్తారు, డిస్కు ఊడదీస్తారు, లేదా ఫోన్లో ఎవరో చెప్పారని ఫార్మాట్ చేస్తారు. కాగితం రిజిస్టరు చెదలు పట్టి పోయాక స్కాన్ కాపీ ఒక్కటే అసలుగా మిగిలిన చోట ఆ తొందర ఖరీదు చాలా ఎక్కువ. అందుకే ముందు చూడటం, తర్వాత కాపీ తీయడం, ఆ పైనే బాగుచేయడం అన్న వరుస పాటించాలని మేము కోరుతున్నాం. కింద చెప్పిన ఆదేశాలు పెట్టె స్థితిని చదివి చూపేవే, ఫైళ్లను మార్చవు.

లోపలికి వెళ్లే దారి

పెట్టె బాగా పనిచేస్తున్నప్పుడే దాని కంట్రోల్ ప్యానెల్‌లో ఎస్‌ఎస్‌హెచ్ అనే సదుపాయాన్ని ఎలా ఆన్ చేయాలో చూసి పెట్టుకోండి. విండోస్ 10, 11 కంప్యూటర్లలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఎస్-ఎస్-హెచ్ అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్మిన్ పేరు, ఎట్ గుర్తు, పెట్టె ఐపీ చిరునామా వరుసగా రాస్తే పాస్‌వర్డ్ అడుగుతుంది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెరమీద ఏమీ కనిపించదు, కంగారు పడొద్దు. పని అయ్యాక ఎస్‌ఎస్‌హెచ్‌ను ఆపేయండి.

ఆదేశాల అక్షరాలను ఇక్కడ తెలుగులో విడదీసి ఇస్తున్నాం. టైపు చేసేటప్పుడు ఆంగ్ల చిన్న అక్షరాలే వాడాలి. అనుమతి లేదని వస్తే ఆదేశానికి ముందు ఎస్-యు-డి-ఓ అని చేర్చి, ఖాళీ వదలాలి.

1. పెట్టె పలుకుతోందా?

మన కంప్యూటర్ నుంచి పి-ఐ-ఎన్-జి, ఖాళీ, ఐపీ చిరునామా. జవాబు వస్తే పెట్టె నెట్‌వర్క్‌లో ఉన్నట్టే. రాకపోతే ముందు కేబులు, రౌటర్ చూడండి. కరెంటు పోయి వచ్చాక రౌటర్ పెట్టెకు కొత్త చిరునామా ఇచ్చి ఉండవచ్చు. రౌటర్ పేజీలోని పరికరాల జాబితాలో అది తెలుస్తుంది. ఇలాంటప్పుడు డిస్కుల జోలికి పోనక్కర్లేదు.

2. చోటు ఉందా?

డి-ఎఫ్, ఖాళీ, హైఫన్, హెచ్. ఏ భాగం ఎంత నిండిందో శాతాల్లో వస్తుంది. డేటా భాగం 100 శాతం చూపితే కొత్త ఫైళ్లు ఎక్కవు, కొన్ని సేవలు ఆగిపోతాయి. ముందు చెత్తబుట్ట ఫోల్డరును చూడండి.

3. డిస్కుల జోడీ కలిసే ఉందా?

సి-ఏ-టి, ఖాళీ, స్లాష్, పి-ఆర్-ఓ-సి, స్లాష్, ఎం-డి-ఎస్-టి-ఏ-టి. రెండు డిస్కుల పెట్టెలో చదరపు బ్రాకెట్ల మధ్య రెండు యూ అక్షరాలు కనిపిస్తే రెండూ పనిలో ఉన్నాయి. ఒక యూ స్థానంలో కింది గీత ఉంటే ఒక డిస్కు జట్టు నుంచి తప్పుకుంది, మిగిలిన ఒక్కదానిమీదే బరువంతా ఉంది. రికవరీ అని శాతం కనిపిస్తుంటే మరమ్మతు సాగుతోంది, మధ్యలో పెట్టె ఆపొద్దు.

సైనాలజీ వాడేవారికి ఒక మాట: నాలుగు డిస్కుల పెట్టెలో రెండే డిస్కులు పెట్టి ఉంటే ఎండీ0, ఎండీ1 వరుసల్లో కింది గీతలు కనిపించడం మామూలే. మన డేటా సాధారణంగా ఎండీ2 నుంచి ఉంటుంది.

4. ఏ డిస్కు జబ్బుపడింది?

ఎస్-ఎం-ఏ-ఆర్-టి-సి-టి-ఎల్, ఖాళీ, హైఫన్, ఏ, ఖాళీ, స్లాష్, డి-ఇ-వి, స్లాష్, ఎస్-డి-ఏ. రెండో డిస్కుకు చివర ఎస్-డి-బి. కొన్ని పెట్టెల్లో డిస్కుల పేర్లు వేరుగా ఉంటాయి, కొన్నింటిలో ఈ ఆదేశమే ఉండదు. అప్పుడు బ్రౌజర్‌లో డిస్కుల ఆరోగ్యం పేజీ చూడండి.

పైన ‘పాస్డ్’ అని ఉందని ఊరుకోకూడదు. పట్టికలో నాలుగు వరుసల చివరి అంకె చదవాలి. 5వ నంబరు, పాడై పక్కన పెట్టిన భాగాల లెక్క. 197, చదవలేక అనుమానంలో ఉంచిన భాగాలు. 198, ఎంతకీ చదవలేకపోయినవి. ఈ మూడూ సున్నా ఉండాలి. 197 గానీ 198 గానీ పెరుగుతుంటే ఆ డిస్కును నమ్మొద్దు. 199 పెరుగుతుంటే తప్పు తరచుగా కేబులుదో, డిస్కు కూర్చున్న చోటుదో అయి ఉంటుంది. ఆ లెక్క తగ్గేది కాదు కాబట్టి నిన్నటికీ నేటికీ తేడా చూడాలి.

అదే తెరమీద పైభాగంలో డిస్కు సీరియల్ నంబరు ఉంటుంది. దాన్ని రాసుకుని, డిస్కు మీది లేబుల్‌తో పోల్చకుండా ఏదీ మార్చొద్దు. ఎస్-డి-ఏ అంటే ఎప్పుడూ మొదటి అరలోదే అనుకోవడానికి లేదు. జబ్బు డిస్కు బదులు బాగున్నది లాగేస్తే ఉన్నదీ పోతుంది.

5. పెట్టె తనలో తాను ఏమంటోంది?

డి-ఎం-ఇ-ఎస్-జి, ఖాళీ, నిలువు గీత, ఖాళీ, టి-ఏ-ఐ-ఎల్. చివరి పది సందేశాలు వస్తాయి. వాటిలో ఒక డిస్కు పేరు పక్కన ‘ఐ స్లాష్ ఓ ఎర్రర్’ పదేపదే ఉంటే చదవడం, రాయడం తప్పుతోందని అర్థం. పెట్టెను ఆపి మళ్లీ వేస్తే ఈ చిట్టా మొదటినుంచి మొదలవుతుంది, పాత సాక్ష్యం పోవచ్చు. అందుకే స్విచ్ మీద చేయి వేసేముందే చదివి కాపీ చేసుకోండి.

చేయకూడనివి

నాస్‌లోంచి తీసిన డిస్కును విండోస్ కంప్యూటర్‌కు తగిలిస్తే ‘ఇనిషియలైజ్’ లేదా ‘ఫార్మాట్’ చేయమంటుంది. డిస్కు పాడైందని కాదు, లినక్స్ పద్ధతిలో రాసినదాన్ని విండోస్ మామూలుగా చదవలేదు, అంతే. ‘క్యాన్సిల్’ నొక్కాలి. రీసెట్ బటన్ జోలికి పోవద్దు. పెట్టె తెరుచుకుంటున్నంతసేపు, కొత్త డిస్కు వేసేముందు, మళ్లీ దొరకని ఫైళ్లను వేరే డిస్కుకు కాపీ తీయండి. కొత్త డిస్కుతో జోడీ కట్టేటప్పుడు మిగిలిన పాత డిస్కు గంటల తరబడి పనిచేయాలి, అది కూడా అప్పుడే దెబ్బతినవచ్చు.

రెండు డిస్కుల జోడీ ఉంది కదా, బ్యాకప్ ఎందుకని కొందరు అడుగుతుంటారు. ఒక డిస్కు పోతే జోడీ కాపాడుతుంది. పొరపాటున ఫైలు చెరిపేస్తే రెండింట్లోనూ చెరిగిపోతుంది. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో ఉండాలన్నది పాటించదగ్గ లెక్క. మన కుటుంబాలకు వేరే ఊళ్లో చుట్టాలుండటం కొత్తేమీ కాదు, మూడో కాపీ వాళ్లింట్లో ఉంచవచ్చు.

నెలకోసారి రెండు నుంచి ఐదు వరకు ఆదేశాలు నడిపి, వచ్చిన అంకెలను తేదీ వేసి ఒక నోటుబుక్కులో రాయండి. ఈ నెల ఎనిమిది అన్న అంకె ఒక్కటే పెద్దగా ఏమీ చెప్పదు. పోయిన నెల సున్నా అని పక్కన రాసి ఉంటే కొత్త డిస్కు కొనాల్సిన రోజు వచ్చిందని తెలిసిపోతుంది. ఆ నోటుబుక్కులోనే సీరియల్ నంబర్లు, కొన్న తేదీలు, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉందో కూడా రాయాలి. పెట్టె నడిపే కుర్రవాడు ఉద్యోగానికి మరో ఊరు వెళ్లినా, ఆ పుస్తకం చూసి తర్వాతివారు పని అందుకోగలగాలి.