వంకర ఇల్లు

తాపీమేస్త్రీ పనితనం ఎలా చూస్తాం? రసమట్టం పెట్టి. ఆ లెక్కన ఇంగ్లండులో హిమ్లీ అనే గ్రామం దగ్గర ఉండిన ఒక పబ్బుకి సున్నా మార్కులు వెయ్యాలి. జనం మాత్రం దాన్ని చూడటానికే పనిగట్టుకుని వెళ్ళేవారు. పేరే 'క్రుకెడ్ హౌస్', అంటే వంకర ఇల్లు.

1765లో రైతు ఇల్లుగా కట్టినప్పుడు అది తిన్నగానే ఉండేది. బర్మింగ్‌హామ్‌కి పడమటి వైపున్న ఆ ప్రాంతమంతా బొగ్గు గనులు. ఇంటి కింద తవ్వేయడంతో 19వ శతాబ్దం మొదట్లో నేల కుంగి, ఒక కొస రెండో కొసకంటే సుమారు 4 అడుగులు దిగిపోయింది. 1830 ప్రాంతంలో పబ్బు అయింది. భూమి గ్లిన్ కుటుంబానిది కాబట్టి 'గ్లిన్ ఆర్మ్స్' అని కూడా పేరు పెట్టారు గానీ, జనం నోట్లో నిలిచింది వంకరే.

1940ల్లో "ఇది ప్రమాదం, కూల్చెయ్యాలి" అన్నారు. అప్పుడు వుల్వర్‌హాంప్టన్ అండ్ డడ్లీ బ్రూవరీస్ దాన్ని కొని, ఆసరా గోడలు కట్టి, ఇనప దూలాలు బిగించి నిలబెట్టింది. గమనించండి, తిన్నగా చెయ్యలేదు. ఎంత ఒరిగిందో అక్కడే ఆపారు. నా దృష్టిలో అసలైన ఇంజనీరింగ్ అదే. గది మొత్తం ఒరిగితే కన్ను దాన్నే మట్టం అనుకుంటుంది. అందుకే అక్కడ గోళీ వదిలితే ఎత్తుకి దొర్లినట్టు కనపడేది!

ఇంత పేరున్నా రక్షిత కట్టడాల జాబితాలో అది లేదు. 2023 జులైలో చేతులు మారింది. జాబితాలో చేర్చమని దరఖాస్తు వెళ్ళింది గానీ, అది తేలేలోపే ఆగస్టు 5 రాత్రి కాలిపోయింది. 7న పొక్లెయిన్ వచ్చి నేలమట్టం చేసింది. పైఅంతస్తులో కొంత భాగం తియ్యడానికే తాము ఒప్పుకున్నామని కౌన్సిల్ అంది. 258 ఏళ్ళు నిలిచింది రెండ్రోజుల్లో పోయింది.

2024 ఫిబ్రవరిలో సౌత్ స్టాఫర్డ్‌షైర్ కౌన్సిల్, మూడేళ్ళలో ముందున్నట్టే కట్టమని నోటీసిచ్చింది. యజమానులు అప్పీలుకెళ్ళారు. ముందున్నట్టే అంటే వంకరగానే! భూమి చేసిన వంకరని ఇప్పుడు ప్లాను గీసి కడితే అది ఆ ఇల్లేనా? కాదు. అయినా కట్టాల్సిందే అంటాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే కావచ్చు. కానీ 'కూల్చేశాక ఇంకేం చేస్తార్లే' అన్న ధీమా ఒక్కసారి చెల్లిందంటే, జాబితాకెక్కని ప్రతి పాత కట్టడానికీ అదే గతి.