చెడ్డతనాన్ని పసివాడు ఎందుకు మోస్తాడు?



కొత్తపేట నుంచి రాస్తున్న ఈ వరుసలో ఈసారి పసితనం దగ్గరికి వెళ్దాం. సైకోఅనాలసిస్‌లో 'ఆబ్జెక్ట్ రిలేషన్స్' అనే సిద్ధాంతం ఒకటి ఉంది. దాన్ని 'వస్తు సంబంధాలు' అని అనువదిస్తే అసలు సంగతే పోతుంది. ఇక్కడ ఆబ్జెక్ట్ అంటే కుర్చీ, బల్లా కాదు. పసిబిడ్డ ఎవరి కోసం చేతులు చాస్తుందో ఆ మనిషి, ఆ మనిషి గురించి బిడ్డ లోపల దాచుకున్న రూపం.

1882లో వియన్నాలో పుట్టి, 1926లో లండన్ చేరిన మెలనీ క్లైన్ దీనికి దారి వేసింది. ఆమె లెక్కలో, కడుపు నింపిన రొమ్ము మంచిది, ఆకలప్పుడు అందని రొమ్ము చెడ్డది. మొదట్లో బిడ్డకు అవి రెండూ వేరు వేరు. కొన్ని నెలలకు ఆ రెండూ ఒకే అమ్మవని తెలిసినప్పుడు దిగులు పుడుతుంది, ఆ దిగులులోంచి ప్రేమ గట్టిపడుతుంది.

తర్వాత వచ్చిన విన్నికాట్ పిల్లల డాక్టరు. బిడ్డ అంటూ విడిగా ఎవరూ ఉండరు, ఎత్తుకున్న చేతులతో కలిపే బిడ్డ అన్నది ఆయన మాట సారాంశం. తల్లి ఏ లోటూ లేనిది కానక్కర్లేదు, చాలినంత తల్లి అయితే చాలు. అయితే ఆ తల్లిని ఎవరో ఒకరు ఆదుకోవాలి కూడా. ఈ చివరి ముక్కను మనవాళ్ళకు పాఠం చెప్పేవాళ్ళు తరచూ మింగేస్తారు. ఊడుపుల్లో నడుం వంచిన అమ్మ, రెండు చెట్ల మధ్య పాత చీరతో కట్టిన ఉయ్యాల, దాన్ని ఊపే ఏడేళ్ళ అక్క, సాయంత్రం దాకా కాసుకునే అమ్మమ్మ. దీన్ని 'నిర్లక్ష్యం' అనేవాళ్ళు, ఆ తల్లికి పాలివ్వడానికి గంట తీరిక ఇవ్వని కామందును మాత్రం ఒక్క మాట అనరు.

నాకు వీళ్ళందరికన్నా దగ్గరగా అనిపించేది ఎడిన్‌బరోలో ఉండి రాసిన ఫెయిర్‌బైర్న్. మనిషి మొదట వెతికేది సుఖాన్ని కాదు, మరో మనిషిని అన్నాడు. దెబ్బలు, అవమానాల ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లల్ని పరీక్షించినప్పుడు ఆయన ఒకటి గమనించాడు. తమ తల్లిదండ్రులు చెడ్డవాళ్ళని ఆ పిల్లలు ఒప్పుకోరు. 'నేనే చెడ్డవాణ్ణి' అంటారు. 1943 నాటి వ్యాసంలో దానికి కారణం చెప్పాడు: తను ఆధారపడ్డ పెద్దలు చెడ్డవాళ్ళయితే బిడ్డకు ఎక్కడా దిక్కుండదు. తనే చెడ్డవాడైతే, కనీసం లోకం మంచిదిగా మిగులుతుంది. మంచిగా మారితే ప్రేమ దొరుకుతుందన్న ఆశా మిగులుతుంది.

ఇప్పుడు అమ్మానాన్నల స్థానంలో బడిని, ఊరిని పెట్టి చూడండి. గ్లాసు ఎత్తి పోసే చేయి మంచిదని నమ్మాలంటే, పిల్లవాడు తన నోరే చెడ్డదని నమ్మాలి. కులం పని సులువయ్యేది ఇక్కడే. ఇది ఫెయిర్‌బైర్న్ రాసింది కాదు, నేను చదువుకుంటున్న తీరు.

అంబేద్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో చెప్పిన బాల్యం దీనికి సాక్ష్యం. బళ్ళో విడిగా గోనెపట్టా మీద కూర్చోవడం, ప్యూను కొళాయి తిప్పితే తప్ప నీళ్ళు లేకపోవడం ఆయనకు అప్పటికే మామూలు. 1901లో తండ్రి దగ్గరికి బయల్దేరిన పిల్లలు మసూర్ స్టేషన్‌లో దిగారు. మహర్లమని చెప్పగానే స్టేషన్ మాస్టరు ముఖం మారింది. బళ్ళవాళ్ళు రామన్నారు. చివరికి రెండింతల కిరాయి ఇచ్చి బండి తామే తోలుకుంటే, బండివాడు పక్కన నడిచాడు. రాత్రంతా గుక్కెడు నీళ్ళు లేవు. అంతకుముందు మామూలనుకున్నదే ఆ రోజు దెబ్బగా తగిలిందని, ఆలోచింపజేసిందని ఆయనే రాశారు.

అప్పటికే ఆయనకు తల్లి లేదు. పైపైన చదివితే క్లైన్ లెక్క ప్రకారం ఆ పిల్లవాడు విరిగిపోవాలి. కానీ మేనత్త మీరాబాయి ఉంది. మంగలి ముట్టని తలకు జుట్టు కత్తిరించే అక్క ఉంది. లోపల మంచి రూపాలు నిలబడ్డవాడు కాబట్టే చెడ్డతనాన్ని దాని అసలు యజమానికి తిప్పి పంపగలిగాడని నా వాదన.

గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే కలకత్తాలో ఇండియన్ సైకోఅనలిటికల్ సొసైటీ పెట్టాడు. వందేళ్ళు దాటింది. గోనెపట్టా మీది పిల్లవాడు మాత్రం ఆ శాస్త్రం మంచమెక్కి మాట్లాడింది చాలా తక్కువ. ఆ పని మన ఆత్మకథలే చేశాయి. మన కోనసీమ మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు నుండి పద్మశ్రీ వరకు' లైబ్రరీలో దొరికితే, పద్మశ్రీ సంగతి తర్వాత, ముందు పాలేరు దగ్గర మొదలుపెట్టండి.